ఒకటిన్నర స్పీడులో ఒక గొంతు

ఆమె మా షాపులోకి అడుగుపెట్టేసరికి నేను నూట ఇరవై ఎనిమిదో ఎపిసోడులో ఉన్నాను. హీరోయిన్ అప్పుడే కోర్టు మెట్లు దిగుతోంది. అంత ముఖ్యమైన పనిలో ఉన్నవాడికి కస్టమర్ ఎక్కడ కనిపిస్తుంది?

"ఏమండీ."

నేను పలకలేదు.

"ఏమండీ, మిమ్మల్నే."

"ఒక్క నిమిషం," అన్నాను తలెత్తకుండా.

"అయింది. మీ గోడ మీద పదిహేడు గడియారాలున్నాయి. పదిహేడింట్లోనూ నిమిషం అయింది."

అప్పుడు తలెత్తాను. బయట వాన దంచి కొడుతోంది. ఆమె గొడుగు నుంచి కారిన నీళ్ళు నా కౌంటరు ముందు చిన్న మడుగు కట్టాయి. మొహం నిండా కోపం. ఆ కోపం ఆమెకు నప్పింది కూడా. కానీ ఫోనులో హీరోయిన్ ఇంకా మెట్లు దిగుతూనే ఉంది, అదొక బాధ.

నా సంగతి ముందు చెప్పాలి. నేను వాచీలు బాగుచేస్తాను. రోజుకు పది సెకన్లు ముందు నడిచే గడియారం దొరికితే వారం రోజులు దానితో కుస్తీ పట్టి దారికి తెచ్చే రకం. అలాంటి పెద్దమనిషిని సీరీస్‌లు మాత్రం ఒకటిన్నర స్పీడులో చూసేవాణ్ణి. టైటిల్స్ దాటేస్తాను. పాటలు దాటేస్తాను. ఎవరైనా మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారా, పది సెకన్ల బటన్ నొక్కేస్తాను. ఎందుకంత తొందర అంటారా? ఇది అయ్యాక ఇంకోటి చూడాలి కదా. ఆ ఇంకోటి ఎందుకంటే, దాని వెనకాల మరోటి కాచుక్కూచుంది. సీరీస్ పేరు చెప్పను. చెబితే మీరు వెళ్ళి మొదలుపెడతారు, ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆమె చేతి వాచీ తీసి కౌంటరు మీద పెట్టింది. మగవాళ్ళు పెట్టుకునే పాత కీ వాచీ. పట్టీకి ఆమె మణికట్టు కోసం కొత్తగా మూడు చిల్లులు పొడిచి ఉన్నాయి.

"దీని చప్పుడు తీసేయాలి."

"ఏమిటి?"

"టిక్ టిక్ అనకూడదు. కానీ నడవాలి."

నాకు నవ్వొచ్చింది. "మీకు వాచీ కావాలా, వాచీ ఫొటో కావాలా?"

"నేను పనిచేసే చోట చప్పుడు పనికిరాదు. వాచీ లేకుండా వెళ్ళడం నాకిష్టం లేదు. మీవల్ల అవుతుందా, కాదా?"

నేను వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాను. సెకనుకు ఐదు దెబ్బలు, బాగానే ఉంది. ఆరు సెకన్లకొకసారి మాత్రం ఒక దెబ్బ కుంటుతోంది. మూత తీసి భూతద్దంలో చూశాను.

"లోపల ఒక చక్రానికి పదిహేను పళ్ళు, పంటికి రెండు దెబ్బలు. అందులో ఒకటి అరిగింది. అది తిరిగొచ్చినప్పుడల్లా మీ వాచీ కాలు కుంటుతుంది. వినిపిస్తుందా?"

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది ఎవరికీ వినపడదు. మా నాన్నకు తప్ప."

"నా పనే అది," అన్నాను కాస్త గర్వంగా.

అదే క్షణంలో, నేను ఆపడం మరిచిన ఫోనులో హీరోయిన్ వాదన మొదలుపెట్టింది.

"ఆ ఎలుకెవరు?" అంది ఆమె.

"ఎలుక కాదండీ, హీరోయిన్. లాయరు. ఒకటిన్నర స్పీడు కాబట్టి మీకలా అనిపిస్తోంది. అలవాటైతే ఎంత బాగుంటుందో! నిజం చెప్పాలంటే ఆ గొంతు కోసమే చూస్తున్నాను. డబ్బింగ్ సీరియలే అనుకోండి. కానీ ఎవరు చెప్పారో గానీ ప్రాణం పెట్టి చెప్పారు."

ఆమె మొహంలో ఏదో వెలిగింది. "నిజంగానా?"

"ఒట్టు. మీరేమీ అనుకోకపోతే ఒక మాట చెప్పనా? మీ గొంతూ బాగానే ఉంది. కాకపోతే కొంచెం సాగదీస్తారు."

వెలిగింది ఆరిపోయింది.

ఆ ఎలుక ఆమే. నూట నలభై ఎపిసోడ్లకీ ఆ లాయరుకు మన భాషలో గొంతిచ్చింది నా ఎదురుగా గొడుగు పట్టుకుని నిలబడ్డ ఈ అమ్మాయే. నాకది తెలియడానికి మూడు వారాలు పట్టింది. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎపిసోడు చివర సస్పెన్సు పెట్టి జనాన్ని కూర్చోబెట్టే పాపం నాకెందుకు?

"ఎప్పుడు రమ్మంటారు?" అంది ఆమె, ఆ మాటను కావాలనే రెండింతలు సాగదీసి.

"నాలుగు రోజులాగి రండి."

వాచీని ఆపకుండా చప్పుడు ఆపడం ఎవరి తరమూ కాదు. అది నాకు ఆ రోజే తెలుసు. కానీ చెబితే ఆమె వాచీ తీసుకుని వెళ్ళిపోతుంది. అందుకని నాలుగు రోజులన్నాను. ఆ తర్వాత ఇంకో నాలుగన్నాను. మూత బిగించి చూస్తున్నానన్నాను, లోపల మెత్తటి రింగు వేస్తున్నానన్నాను. ఆమె వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా స్టూలు లాక్కుని కూర్చుని నా పని చూసేది.

"మీ చేతులు ఇంత నెమ్మదిగా ఉంటాయి కదా," అంది ఒకరోజు, నేను చీమ తలంత స్క్రూను పట్టకారుతో పెడుతుంటే. "మీ బుర్రెందుకు అలా పరిగెడుతుంది?"

"మీరేం పని చేస్తారో ఇంతవరకూ చెప్పలేదు."

"మాట్లాడతాను."

"టీచరా?"

"చీకటి గదిలో, ఒంటరిగా."

"అయితే పిచ్చి డాక్టరుకు చూపించుకోవాలి."

ఆమె పగలబడి నవ్వింది. నూట ముప్పై ఎపిసోడ్లలో ఆ నవ్వు నేను కనీసం యాభైసార్లు విని ఉంటాను. అయినా నా మట్టిబుర్రకు తట్టలేదు. పైగా ఆ నవ్వు కూడా కాస్త పొడుగే అనుకున్నాను.

ఇంతకీ నేను ప్రేమలో పడ్డాను. పడ్డట్టు ఎలా తెలిసిందంటే, ఆమె వస్తానన్న రోజు ఫోను సొరుగులో పెట్టి తాళం వేసేవాణ్ణి. తాగుబోతు సీసా దాచినట్టు. ఆమె వెళ్ళగానే తాళం తీసి మిగతాది ఒకటిముప్పావులో చూసేవాణ్ణి. అదీ నా ప్రేమ.

మూడో వారం ధైర్యం చేసి కాఫీకి పిలిచాను. వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం. కిటికీ అద్దం మీద వాన. మా ఇద్దరి మధ్య ఒక చిన్న బల్ల, రెండు కప్పులు. నా మనసులో ఇంకా చూడని ఆఖరి ఎపిసోడు. హీరోయిన్ తప్పిపోయిన తమ్ముడు దొరికాడా లేదా?

"ఆ వాచీ సంగతి చెప్పనా?" అంది ఆమె. "ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

"చెప్పండి."

"మా నాన్న బస్సు డిపోలో టైం కీపర్. ముప్పై ఏళ్ళు ఆ వాచీ చూసే బస్సులు వదిలారు. రిటైరయ్యాక చూపు తగ్గడం మొదలైంది. మొదట చిన్నముల్లు కనపడలేదట. మాకు చెప్పలేదు. తర్వాత పెద్దముల్లూ పోయింది. అప్పుడూ చెప్పలేదు. ఎవరైనా టైమెంతని అడిగితే, వాచీ చెవి దగ్గర పెట్టుకుని..."

ఆమె ఆగింది. కప్పు వైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఒక సెకను. రెండు. మూడు.

నా కుడిచేతి బొటనవేలు బల్ల మీద తనంతట తానే కదిలింది. పది సెకన్ల బటన్ ఉండే చోట. ఆమె అది చూసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నోరు తెరిచాను.

"చివరికి ఏమైంది?"

కొంప మునిగింది. అన్న మరుక్షణమే నాకు తెలిసింది, కానీ నోటి నుంచి జారిన మాటకు వెనక్కి తిప్పే బటన్ లేదు.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "చివర ఒక్కటీ కావాలా మీకు? అయితే వినండి. చివరికి ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది."

లేచి వెళ్ళిపోయింది. గొడుగు తీసుకోవడం కూడా మరిచిపోయింది. నేను వెనకాల పరిగెత్తలేదు. సీరీసుల్లో అయితే పరిగెడతారు. నేను కుర్చీలో అతుక్కుపోయి, కాఫీ చల్లారేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత షాపుకు వచ్చింది. మొహంలో ఏ భావమూ లేదు.

"వాచీ ఇచ్చేయండి."

మా షాపు వెనక గదే మా ఇల్లు. మధ్యలో ఒక పరదా. ఆమె వచ్చే వేళకు ఎప్పుడూ గుడికి వెళ్ళి ఉండే మా అమ్మ ఆ రోజు లోపలే బట్టలు మడతపెడుతోంది. ఆ మాట చెవిన పడగానే చేతిలో దుప్పటితో సహా పరదా తోసుకుని బయటికొచ్చింది.

"అమ్మాయ్, మళ్ళీ అను."

"ఏమనాలండీ?"

"ఇదే! ఇదే గొంతు!" అమ్మ దుప్పటి కౌంటరు మీద పడేసి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "నువ్వు మా లాయరమ్మవి కదూ? నా తల్లే! నువ్వు జడ్జి ముందు ఏడ్చిన రోజు నాకు అన్నం సయించలేదు తెలుసా?"

ఆమె మొహం విప్పారింది. "అవునమ్మా, నేనే. ఎలా గుర్తుపట్టారు?"

"రోజూ సాయంత్రం ఇంట్లో మాట్లాడే మనిషివి. గుర్తుపట్టడానికేముంది?"

మా అమ్మకు స్పీడు పెంచడం రాదు. ఎక్కడ నొక్కాలో తెలియదు. రోజుకు ఒకటే ఎపిసోడు చూస్తుంది, అయ్యాక టీవీ కట్టేసి దాని మీద గుడ్డ కప్పుతుంది. ఆ అలవాటును నేను ఏళ్ళ తరబడి ఎగతాళి చేశాను.

నేను నిలువునా నీరైపోయాను. ఎలుక, సాగదీస్తారు, పిచ్చి డాక్టరు, చివరికి ఏమైంది. అన్నీ వరసగా వచ్చి చెంపల మీద కొట్టాయి.

"మీరా?" అన్నాను. అంతకన్నా తెలివైన మాట రాలేదు.

"నేనే. మీరు ఎప్పుడు గుర్తుపడతారా అని మొదట్లో సరదాగా ఉండేది. నాతో నేనే పందెం వేసుకున్నాను కూడా, ఇవాళ పడతారు, ఇవాళ పడతారు అని." నేను తీసిచ్చిన వాచీ చేతికి పెట్టుకుంటూ అంది. "ఒక్క నిట్టూర్పు కుదరాలంటే నేను ఒక్కోసారి పందొమ్మిది సార్లు చెప్తాను. మీరు ప్రాణం పెట్టి చెప్పారు అన్నప్పుడు ఎంత పొంగిపోయానో! కానీ మీరు విన్నది నన్ను కాదు. నా ముందు కూర్చుని కూడా వినలేదు." గుమ్మం దగ్గర ఆగింది. "చప్పుడు పోలేదు."

"వాచీని ఆపకుండా పోదండీ. మొదటి రోజే తెలుసు. మీరు మళ్ళీ రావాలని చెప్పలేదు."

"ఆ ఒక్కటి మాత్రం నాకూ తెలుసు," అని వెళ్ళిపోయింది.

అమ్మ నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఏం చేశావురా ఆ పిల్లని?"

చెప్పాను. అమ్మ ఒక్క ముక్క కూడా దాటేయకుండా విని, తర్వాత దుప్పటి దులుపుతూ అంది. "నూట నలభై ఎపిసోడ్లు చూశావు. ఒక్కటైనా విన్నావురా దరిద్రుడా?"

ఆ సాయంత్రం వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ తొంభై ఒకటో ఎపిసోడు పెట్టింది. రిమోట్ తన కాలి కింద పెట్టుకుంది, నా మీద అంత నమ్మకం.

ఆ మొదటి రోజు నరకం. టైటిల్స్ ఒకటిన్నర నిమిషం ఉంటాయని నాకు తెలియనే తెలియదు. జనం ఇంత నెమ్మదిగా మెట్లెక్కుతారా? తలుపు తీయడానికి ఇంతసేపా? నా బొటనవేలు దానంతట అది గాల్లో నొక్కుతుంటే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. అప్పుడు ఆ లాయరు నోరు తెరిచింది. వచ్చింది నా షాపులో స్టూలు మీద కూర్చుని నవ్విన గొంతు. నేను సాగదీస్తారన్న గొంతు. అది సాగదీయడం కాదు. ప్రతి మాటకూ దాని చోటు ఇస్తుంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. అమ్మ సీను చూసి ఏడుస్తున్నాననుకుంది. చివర్లో పేర్లు వచ్చాయి. అడుగు నుంచి రెండో వరసలో, చిన్న అక్షరాల్లో ఆమె పేరు. మొదటిసారి చదివాను.

రెండో రోజూ కూర్చున్నాను. మూడో రోజుకు బొటనవేలు ఊరుకుంది. ఆరో రోజు తొంభై ఆరో ఎపిసోడు. లాయరు బస్టాండులో తమ్ముడి కోసం నిలబడి ఉంటుంది. ఆఖరి బస్సు వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ దిగరు. ఆమె ఏమీ అనదు, ఊపిరి తీసుకుంటుంది అంతే. తొమ్మిది సెకన్లు. ఇంతకుముందు ఆ బస్టాండు సీనే నాకు గుర్తు లేదు. ఎలా గుర్తుంటుంది? పది సెకన్ల బటన్ దాన్ని పూర్తిగా మింగేసింది.

నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను.

"అమ్మా, వెనక్కి తిప్పు!"

"వెనక్కా? నీకా?" అమ్మ నా నుదురు పట్టి చూసింది. "జ్వరం లేదే."

"తిప్పవే అమ్మా!"

ఇద్దరం కలిసి నాలుగుసార్లు తిప్పాం. నాలుగోసారి టీవీకి చెవి ఆనించి కూర్చున్నాను. ఊపిరి కింద, చాలా లోపల, సెకనుకు ఐదు దెబ్బలు. రెండో సెకనులో ఒక దెబ్బ కుంటింది. ఎనిమిదో సెకనులో మళ్ళీ కుంటింది.

మర్నాడు పొద్దున్నే రసీదు పుస్తకంలో అడ్రసు చూసుకుని, ఆమె మరిచిపోయిన గొడుగు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. చూపు నా భుజం మీదుగా ఎటో ఉంది.

"ఎవరు బాబూ?"

"వాచీలు బాగుచేసేవాణ్ణండీ."

"ఓహో. మా అమ్మాయి గొంతును ఎలుక గొంతు చేసింది నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాను. తప్పించుకునే దారి కనపడలేదు.

"మాటకి మాట అతికించినట్టు మాట్లాడతావని చెప్పింది. ఇవాళ నెమ్మదిగానే ఉన్నావే."

లోపలి నుంచి ఆమె వచ్చింది. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. "గొడుగు అక్కడ పెట్టి వెళ్ళండి. పనికి టైమవుతోంది."

"తొంభై ఆరో ఎపిసోడు," అన్నాను. "బస్టాండు. ఆఖరి బస్సు వచ్చాక తొమ్మిది సెకన్లు మీరు మాట్లాడరు. ఊపిరి మాత్రమే. దాని కింద మీ వాచీ ఉంది."

ఆమె చెయ్యి మణికట్టు మీది వాచీ మీదికి వెళ్ళింది.

"ఊపిరి ఉంది కాబట్టి ఆ చప్పుడు తీసేయలేకపోయి ఉంటారు. రెండుసార్లు కుంటింది. అందుకే కదా మీరు చప్పుడు తీసేయమని వచ్చారు?"

పెద్దాయన కుర్చీలో ముందుకు వంగారు. "ఎన్ని దెబ్బలకొకసారి కుంటుతుంది?"

"ముప్పైకి ఒకసారండీ."

ఆయన నవ్వారు. ఆ నవ్వు కూడా పొడుగే, ఆ ఇంటి నవ్వే అంత. "అమ్మాయ్, ఇది నేనొక్కణ్ణే పట్టుకున్నాననుకున్నాను. ఇతన్ని గుమ్మంలో నిలబెట్టకు. కూర్చోబెట్టు."

ఆమె వచ్చి మెట్టు మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూనే కసిరింది. "ఇంతకీ మళ్ళీ కూర్చుని నూట నలభై ఎపిసోడ్లూ చూశారా? అయితే అది ప్రేమ కాదు, జబ్బు."

"లేదండీ. రోజుకొకటి. ఆరు చూశాను. రిమోట్ మా అమ్మ కాలి కింద ఉంది."

"ఆఖరి ఎపిసోడు?"

"చూడలేదు. తమ్ముడు దొరికాడో లేదో నాకు తెలియదు. మీరు చెప్పొద్దు కూడా." నేను రెండు మెట్ల కింద కూర్చున్నాను. "ఎవరైనా టైమెంతని అడిగితే మీ నాన్నగారు వాచీ చెవి దగ్గర పెట్టుకుని... అక్కడ ఆగారు మీరు. అక్కడి నుంచి చెప్పండి."

ఆమె వెంటనే చెప్పలేదు. చాలాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. బొటనవేలు కూడా బుద్ధిగా ఉంది.

"చెవి దగ్గర పెట్టుకుని, దెబ్బలు లెక్కపెట్టి చెప్పేవారు," అంది చివరికి. "పొద్దున రేడియోలో టైము విని, అక్కడి నుంచి రోజంతా లెక్క. మాకు తెలియకూడదని. ఒకరోజు నేను పనికి బయల్దేరుతుంటే వాచీ విప్పి నా చేతిలో పెట్టారు. ఇక నాకు దీంతో పనిలేదమ్మా, నువ్వు పెట్టుకో అన్నారు. చూపు పూర్తిగా పోయిందని మాకు చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజే నాకు బస్టాండు సీను. వాచీ తీయమన్నారు. నేను తీయలేదు."

పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నారు. ఎదురింటి కొళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాను. "ఆ గొంతు వల్ల కాదు. ఆ గొంతు మీదని తెలియకముందే నేను ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను. నాకు తెలిసి నేను ఎవరి కోసమూ అంత త్యాగం చేయలేదు."

పెద్దాయన ఫక్కున నవ్వారు. ఆమె నవ్వాపుకోవాలని చూసి ఓడిపోయింది.

"సాగదీస్తానుగా నేను?"

"సాగదీయండి. నాకిప్పుడు తొందరేం లేదు."

ఆమె లేచి చేతి వాచీ విప్పింది. "ఇవాళ మూడు గంటల పనుంది. లోపలికి దీన్ని రానివ్వరు. ఇంట్లో వదిలి వెళ్ళాలంటే నాకు మనసొప్పదు. బయట పట్టుకుని కూర్చుంటావా?"

"మీరు" కాస్తా "నువ్వు" అయిందని నాకు వెంటనే తెలిసింది. నేనిప్పుడు అన్నీ వింటున్నాను.

స్టూడియో బయట ఒక చెక్క బెంచీ ఉంది. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. వాచీని గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. సౌండ్ ఇంజనీరు రెండుసార్లు బయటికొచ్చి నన్ను వింతగా చూశాడు.

"బోరు కొట్టట్లేదా బాబూ? ఫోనుంది కదా, ఏదైనా చూసుకోవచ్చుగా."

"లేదండీ," అన్నాను. "ఫోను ఇంట్లో వదిలేసి వచ్చాను."

ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళాడు. నా గుప్పిట్లో వాచీ ముప్పై దెబ్బలకొకసారి కుంటుతూ నడుస్తోంది. ఇంకో గంట ఉంది.